కష్టానికి దాచిన డబ్బు

మా అమ్మ మిరపకాయలకు తొడిమలు తీసే కూలీ. ఇరవై ఏళ్ళకు పైగా ఆ పనే చేసింది. మిరప లేని నెలల్లో పత్తి తీసేది, కలుపుకు పోయేది. కానీ ఎవరైనా ‘ఏం పని చేస్తావమ్మా?’ అని అడిగితే మాత్రం ‘తొడిమలు’ అనే చెప్పేది, అదేదో ఉద్యోగం పేరైనట్టు.

మా ఊరు చిలకలూరిపేట నుంచి లోపలికి పోయే రోడ్డు మీద ఉంటుంది. చుట్టూ నల్లరేగడి నేల. జనవరి చివర్లో మొదలై ఎండలు ముదిరేదాకా మిరప సీజను. ఆ నాలుగు నెలలూ అమ్మ మా మొహాలు ముట్టుకునేది కాదు. చేతులకు ఆముదం రాసుకున్నా, బియ్యం కడిగిన నీళ్ళలో ముంచుకుని కూర్చున్నా మంట పోయేది కాదు. తమ్ముడికి అన్నం కలిపి పెట్టడం నా పని. కంట్లో నలుసు పడి వాడు ఏడుస్తూ ఆమె దగ్గరికి పరిగెత్తితే, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుని, “అక్క దగ్గరికి పోరా, అక్క దగ్గరికి” అంటూ వెనక్కి జరిగేది. వాడికి అదేమిటో అర్థం కాక ఇంకా గట్టిగా ఏడ్చేవాడు. సీజను అయిపోయి చేతుల మంట పూర్తిగా తగ్గాక, ఒకరోజు ఉన్నట్టుండి మా ఇద్దరి బుగ్గలూ పట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయేది. మాకు వేసవి అంటే అదే.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న పోయాడు. పత్తి మిల్లులో బేళ్ళు ఎక్కించే పని ఆయనది. లారీ మీద నిలబడి తాడు బిగిస్తుంటే అది తెగి వెనక్కి పడ్డాడు. తమ్ముడికి అప్పటికి ఆరేళ్ళు. నాన్న పోయిన పదమూడో రోజున అమ్మ మళ్ళీ పనిలోకి వెళ్ళింది. “ఇంకో వారం ఆగరాదటే?” అని వీధిలోవాళ్ళు అంటే, “ఆగితే ఎవరు పెడతారు?” అంది. అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది.

డబ్బు దాచుకోవడం అమ్మకు ఎవరూ నేర్పలేదు. నాన్న ఉన్నప్పుడు మిగిలేది కాదు, పోయాక మిగిల్చింది. వచ్చేది సగానికి తగ్గినప్పుడు మిగలడం ఎలా మొదలైందో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు. తర్వాత తెలిసింది. ఆమె పొద్దునపూట తినడం మానేసింది.

మొదట్లో చీటీలు వేసేది. మా వీధిలోనే కిరాణా కొట్టు నడిపే ఒకామె చీటీలు కట్టించుకునేది. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఒక ఆదివారం ఆ కొట్టు తలుపులు తెరుచుకోలేదు. మర్నాడూ తెరుచుకోలేదు. ఆడవాళ్ళంతా కొట్టు ముందు కూర్చుని దుమ్మెత్తి పోస్తున్నారు. ఒకావిడ మట్టి తీసి తలుపు మీద కొడుతోంది. అమ్మ కాసేపు నిలబడి చూసి, ఇంటికొచ్చి పొయ్యి మీద ఎసరు పెట్టింది.

“ఏడుపు రావట్లేదా అమ్మా?” అని అడిగాను.

“ఏడిస్తే కళ్ళు వాస్తాయి. వాచిన కళ్ళతో రేపు ఆ ఘాటులో కూర్చోలేను” అంది.

ఆ తర్వాత ఇక మనుషుల చేతిలో డబ్బు పెట్టలేదు. మా ఊరి సెంటర్లో పంచాయతీ ఆఫీసు పక్కన బ్యాంకు బ్రాంచి ఉంది. అక్కడ ఖాతా తెరుస్తానంది. అయితే వేలిముద్ర వేయనంది. “వేలిముద్ర అందరిదీ ఒకేలాగుంటది. నా డబ్బు నాదని వాళ్ళకెట్టా తెలుస్తది?” అని ఆమె అనుమానం. నా పాత నోటుబుక్కులో నెల రోజులు సంతకం నేర్చుకుంది. బ్యాంకులో అందరి ముందూ పెన్ను పట్టుకుని, నాలుక మునిపళ్ళ మధ్య పెట్టుకుని, నాలుగు అక్షరాలు రాసింది. గుమస్తా ఆ కాగితం తీసుకోబోతే, “ఆగండి, ఇంకా తలకట్టు పెట్టలేదు” అంది. ఆయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు, తలకట్టు పెట్టింది.

డిగ్రీలో నాకు ఎకనామిక్స్ వచ్చింది. ఇష్టపడి తీసుకున్నది కాదు. గుంటూరులో ఆడపిల్లల హాస్టల్‌తో పాటు సీటు దొరికింది ఆ గ్రూపులోనే. కానీ చదువుతున్నకొద్దీ నచ్చింది. మా పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం ఉండేది. వెనకబడిన దేశం ముందుకు రావాలంటే ప్రజలు పొదుపు చేయాలి. ఆ పొదుపు బ్యాంకుల్లోకి చేరాలి. బ్యాంకులు దాన్ని అప్పులుగా ఇస్తే ఫ్యాక్టరీలు, రోడ్లు, గిడ్డంగులు లేస్తాయి. వాటిలో జనానికి పని దొరుకుతుంది. పని దొరికితే ఆదాయం, ఆదాయం పెరిగితే మళ్ళీ పొదుపు. పుస్తకంలో ఒక గుండ్రటి బొమ్మ, చుట్టూ బాణాలు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, అన్నం తింటూ, అమ్మకు అదంతా చెప్పాను. కంచం అంచు మీద వేలితో గుండ్రంగా గీసి మరీ చూపించాను.

అమ్మ తినడం ఆపి విన్నది. “అయితే నా డబ్బు ఊరికే కూర్చోదన్నమాట.”

“కూర్చోదు. ఎక్కడో పని చేస్తా ఉంటది.”

“నేను నిద్రపోయినా?”

“నువ్వు నిద్రపోయినా.”

ఆమెకు అది ఎంత నచ్చిందో చెప్పలేను. మర్నాడు తొడిమల దగ్గర తన పక్కన కూర్చునే నలుగురికీ ఆ సంగతి చెప్పిందట. వాళ్ళలో గోతాలు కుట్టే ఆయన భార్య ఒకామె ఉండేది. వాళ్ళు ముస్లింలు. మాకు రక్తసంబంధం ఏమీ లేకపోయినా నేను పిన్నీ అని పిలిచేదాన్ని. ఆ పిన్ని నాతో అంది: “మీ అమ్మ రాత్రింబవళ్ళు రెండు షిఫ్టులు చేస్తోందంట కదే! ఒకటి తను, ఒకటి తన డబ్బు.”

నేను ఎం.ఏ.లో చేరిన ఏడాది మెయిన్ రోడ్డు మీద పెద్ద కోల్డ్ స్టోరేజి లేచింది. మావాళ్ళు దాన్ని ఏసీ అంటారు. రైతులు మిరప టిక్కీలు, అంటే బస్తాలు, అందులో పెట్టుకుని ధర వచ్చినప్పుడు అమ్ముకుంటారు. దానికి అప్పిచ్చింది మన ఊరి బ్యాంకేనని అందరూ చెప్పుకున్నారు. నేను ఇంటికి రాగానే అమ్మ అడిగిన మొదటి మాట అదే.

“మన డబ్బులు అందులో ఉన్నట్టేనా?”

“ఉన్నట్టే. అందరివీ కలిసి ఉంటాయి.”

ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచి వెళ్ళి దాన్ని చూసింది. గోడలకు ఇంకా సున్నం వేయలేదు. కిటికీలు లేని అంత ఎత్తు గోడను తలెత్తి చూస్తూ, “మనది ఏ ఇటుకో” అంది. వాచ్‌మన్ వచ్చి ఏం కావాలమ్మా అని అడిగితే, “ఏం లేదయ్యా, చూసిపోదామని వచ్చాం” అని వచ్చేసింది. ఆమె మొహంలో అంత నిబ్బరం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ ఏసీ పక్కనే రేకుల షెడ్డు వేసి తొడిమలు తీయించడం మొదలుపెట్టారు. అంతకు ముందు కల్లాల్లో, చెట్ల కింద, గాలిలో జరిగిన పని షెడ్డులోకి మారింది. ఎనభై మందికి పైగా ఆడవాళ్ళకు పని దొరికింది. సీజను నాలుగు నెలల నుంచి ఎనిమిది నెలలైంది, ఎందుకంటే ఏసీలోంచి కాయ ఎప్పుడంటే అప్పుడు బయటికి వస్తుంది. కూలి కూడా పెరిగింది. మా పుస్తకంలో బాణాలు చెప్పినట్టే జరిగింది. తమ్ముడు ఆ కూలితోనే ఐటీఐ చదివాడు. నేను ఆ కూలితోనే గుంటూరులో ఉండి ఎం.ఏ. పూర్తి చేసి, బ్రాడీపేటలో ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. అభివృద్ధి అంతా అబద్ధమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను. అది మా ఇంట్లోకి వచ్చింది, నా కళ్ళారా చూశాను.

అయితే షెడ్డులో గాలి ఆడేది కాదు. గాలి వస్తే తొక్కలు, గింజలు ఎగురుతాయని మూడు వైపులా టార్పాలిన్ పట్టాలు కట్టేవారు.

నాకు ఉద్యోగం వచ్చిన రెండో ఏడాది అమ్మ ఒక ఆలోచన చేసింది. తనూ, పిన్నీ, ఇంకో ముగ్గురూ కలిసి కోతల కాలంలో కొంత మిరప కొని, ఏసీలో పెట్టి, నాలుగైదు నెలలాగి అమ్మాలని. ఏ కాయకు రంగు నిలుస్తుంది, ఏది రంగు పోయి తాలుగా మారుతుంది అనేది చేత్తో పట్టుకుంటే చెప్పగలిగిన మనుషులు వాళ్ళు. వ్యాపారులు కూడా ఒక్కోసారి అమ్మకు కాయ చూపించి అడిగేవారు. పొదుపు సంఘంలో వచ్చే అప్పు పదిమందికీ పంచితే ఇంటి ఖర్చుకే సరిపోయేది. అందుకని బ్యాంకులో అడుగుదామంది. నేను సెలవు పెట్టి తోడు వెళ్ళాను.

మేనేజరు కుర్రవాడు. మర్యాదగా కూర్చోబెట్టాడు. మజ్జిగ తెప్పించాడు. అమ్మ చెప్పిందంతా విన్నాడు.

“మీ పేరు మీద పొలం ఉందా అమ్మా?”

“లేదు బాబూ.”

“బంగారం?”

అమ్మ చెవికమ్మలు తడుముకుని చెయ్యి కిందికి దించింది.

“ఏ హామీ లేకుండా ఇంత మొత్తం నేను ఇవ్వలేనమ్మా. ఒక పని చేయండి. మీకు ఇక్కడ డిపాజిట్లున్నాయి కదా. వాటి మీద లోన్ తీసుకోండి. వడ్డీ కొంచెమే ఎక్కువ పడుతుంది.”

అమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. “నా డబ్బే నాకిచ్చి, దానికి నా దగ్గరే వడ్డీ తీసుకుంటారా?”

“అది రూల్ అమ్మా.” అతను ఇబ్బందిగా నా వైపు చూశాడు. నేను లెక్చరర్నని ముందే చెప్పుకున్నాను మరి.

“ఆ ఏసీ ఆయనకు ఇచ్చారు గదా బాబూ.”

“ఆయనకు స్థలం ఉందమ్మా. బిల్డింగు తాకట్టు పెట్టారు.”

అమ్మ తలూపింది. లేచి, “మజ్జిగ బాగుంది” అని బయటికి వచ్చింది. బస్టాపు దాకా నడిచాక నన్నడిగింది: “నువ్వు గీసిన బొమ్మలో బాణం మన దగ్గర నుంచి పోతది గానీ, మన దగ్గరికి రావాలంటే మాత్రం ముందు ఏదో ఒకటి ఉండాలి. అంతేనా?”

పుస్తకంలో బ్యాంకు నుంచి వెనక్కి వచ్చే బాణం ఉంది. అది ఎవరింటి ముందు ఆగుతుందో రాయలేదు. అందరం పొదుపు చేస్తాం, కొందరం అప్పు తీసుకోగలం. ఆ చిన్న తేడా మీదే మా ఊళ్ళో ఒకరు గోడ కట్టారు, ఎనభై మంది ఆ గోడ పక్కన కూర్చున్నారు. ఆ ఏడాది వర్షాకాలం వచ్చేసరికి మిరప ధర బాగా పెరిగింది. పిన్ని వచ్చి బాధపడితే అమ్మ “పోనీలే, పెరగకపోతే మునిగేవాళ్ళం” అని సర్దిచెప్పింది. ఆ మాట తను నమ్మలేదని నాకు తెలుసు. డిపాజిట్ల మీద లోన్ ఎందుకు తీసుకోలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. నేనైనా గట్టిగా చెప్పి ఉండాల్సింది. కానీ ‘అవి కష్టానికి దాచుకున్నవి’ అని అమ్మ అంటే, నేను ఊరుకున్నాను.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తు లేదు. తొడిమలు తీసేవాళ్ళందరూ దగ్గుతారు. అది పనితో పాటు వచ్చేదే అనుకుంటారు. తర్వాత ఆయాసం మొదలైంది. బిందె ఎత్తుకుని రెండు మెట్లెక్కితే గోడ పట్టుకునేది. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుని మళ్ళీ షెడ్డుకు పోయేది. నేను ఫోన్ చేసి గుంటూరు రమ్మంటే, “ఈ లోడు అయిపోనీ” అనేది. ఎనిమిది నెలల సీజనులో లోడు ఎప్పుడూ అయిపోదు.

చివరికి తమ్ముడు బలవంతంగా బస్సెక్కించి పంపాడు. ఊపిరితిత్తుల డాక్టరు గొట్టంలోకి ఊదమన్నాడు. మూడుసార్లు ఊదింది, మూడోసారికి కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. సగం ఊపిరి పోయింది, మిగిలిన సగం నిలబెట్టుకోవాలంటే మిరప మానేయాలి, పీల్చే మందు రోజూ పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు జీవితాంతం వాడాలి అన్నాడు. ఇన్‌హేలర్ కొనిచ్చి, ఎలా పీల్చాలో నర్సు చేత నేర్పించాను. “నా దగ్గరే ఉండిపో” అన్నాను. అప్పటికి నాకు పెళ్ళయింది; నేనూ, మా ఆయనా ఇద్దరం చెప్పి చూశాం. వారం ఉంది. మూడో అంతస్తు ఫ్లాట్, లిఫ్ట్ ఉంది, అయినా ఆమెకు ఊపిరి ఆడలేదు. “పనిలేకుండా కూర్చుంటే దగ్గు ఎక్కువవుతోంది” అని వెళ్ళిపోయింది. మిరపకు పోనని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

రెండున్నర నెలల తర్వాత నేను చూడ్డానికి వెళ్ళాను. ఇంట్లో లేదు. షెడ్డులో ఉంది. ముక్కుకు చీర కొంగు చుట్టుకుని కూర్చుంది. నన్ను చూసి దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు లేచింది. ఇంటికి తీసుకొచ్చి, మందు ఏదమ్మా అని అడిగితే, గూట్లోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చింది. అందులోని ఇన్‌హేలర్ వెనక చిన్న కిటికీలో ఇంకా ఎన్నిసార్లు పీల్చవచ్చో అంకె కనపడుతుంది. రోజుకు నాలుగు లెక్కన నెలకే అయిపోవలసిన మందు. అందులో ఇంకా ఎనభై రెండు ఉన్నాయి.

“రోజూ పీల్చట్లేదా?”

“మరీ ఆయాసం వచ్చినప్పుడు ఒకసారి పీలుస్తున్నా.”

“ఎందుకమ్మా? ఎందుకు?” ఆ గొంతు నాదేనా అనిపించేంతగా అరిచాను. వీధిలోవాళ్ళు బయటికి వచ్చారు.

“అయిపోతే మళ్ళీ కొనాలి కదే.”

“బ్యాంకులో డబ్బులున్నాయి కదా! నేనున్నాను కదా! ఆ డబ్బులు దేనికమ్మా దాచావు?”

“కష్టానికి.”

“ఇంతకన్నా కష్టం ఏముంది? ఇదే కదా అది!”

అమ్మ నా వైపు ఆశ్చర్యంగా చూసింది. ఆ మాట ఆమెకు నిజంగా తట్టలేదనుకుంటాను. ఆమె దృష్టిలో కష్టమంటే బయటి నుంచి వచ్చేది. లారీ మీంచి మనిషి పడటం, కొట్టు తలుపులు మూసుకోవటం. తన ఒంట్లో మెల్లగా జరుగుతున్నది ఆ లెక్కలోకి రాలేదు. “నాకేమైందే ఇప్పుడు? తిరుగుతున్నాగా” అంది.

ఆ వారమే మా రెండో సంవత్సరం పిల్లలకు పొదుపు అధ్యాయం వచ్చింది. వర్తమానంలో చేయవలసిన వినియోగాన్ని భవిష్యత్తు కోసం వాయిదా వేయడమే పొదుపు. అన్నేళ్ళుగా చెబుతున్న నిర్వచనం. బోర్డు మీద ‘వాయిదా’ దాకా రాసి ఆగిపోయాను. పొద్దునపూట అన్నం, ఎప్పుడూ కొనుక్కోని కళ్ళద్దాలు, మందులో మూడింట రెండు వంతులు, చివరికి ఊపిరి. మా అమ్మ వాయిదా వేసినవి అవి. పిల్లలు పెన్నులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. తలనొప్పిగా ఉందని చెప్పి కూర్చున్నాను. మర్నాడు మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, పరీక్షలో వస్తుంది కాబట్టి.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వెళ్ళి నేనే దగ్గరుండి మందు చూసుకున్నాను. తమ్ముడు రోజూ రెండు పూటలా ఎదురుగా నిలబడి పీల్పించేవాడు. అమ్మ షెడ్డు మానేసింది. ఆరేడు నెలలు కొంచెం తేరుకుంది కూడా. గుమ్మంలో కూర్చుని పత్తికాయలు ఒలిచేది. కానీ పోయిన ఊపిరి తిరిగి రాదని డాక్టరు మొదటే చెప్పాడు. మరుసటి చలికాలం జలుబుతో మొదలై రెండు రోజుల్లో జ్వరంలోకి దిగింది. గుంటూరు ఆస్పత్రిలో చేర్చాం.

ఐసీయూ నుంచి బయటి గదికి మార్చిన రోజు మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచింది. మొహం మీది మాస్కు కొంచెం పక్కకు జరిపి, “ఇక్కడ రోజుకెంత?” అని అడిగింది.

నిజంలో నాలుగో వంతు చెప్పాను.

“అంత తక్కువుండదు” అంది. “ఇంటికి తీసుకుపోండి. తమ్ముడికి బండి కొనాలి.”

తమ్ముడు మంచం అవతలి వైపు నిలబడి ఉన్నాడు. “నాకు బండీ వద్దు, గిండీ వద్దు. నువ్వు మాట్లాడకమ్మా” అని గోడ వైపు తిరిగాడు. అమ్మ వాణ్ణి దగ్గరికి రమ్మని సైగ చేసి వాడి బుగ్గ మీద చెయ్యి వేసింది. ఆ చేతిలో బలం లేక జారిపోతుంటే వాడే రెండు చేతులతో దాన్ని అక్కడ పట్టుకున్నాడు. మూడో రోజు పొద్దున, నర్సు సెలైన్ మారుస్తుండగా, అమ్మ పోయింది. మేమిద్దరం టిఫిన్ తీసుకురావడానికి కిందికి దిగి ఉన్నాం.

ఊళ్ళో షెడ్డు ఆ పూట మూశారు. ఎనభై మందీ వచ్చారు. చాలామంది దగ్గుతున్నారు. ఏడుపు ఎక్కడ ఆగి దగ్గు ఎక్కడ మొదలవుతోందో తెలియలేదు.

నెల తర్వాత నేనూ తమ్ముడూ బ్యాంకుకు వెళ్ళాం. మేనేజరు మారిపోయాడు. కొత్తగా వచ్చినామె కాగితాలు తిరగేసి, “మీ అమ్మగారు ఈ బ్రాంచిలో చాలా పాత కస్టమర్ అండి. ఒక్కసారి కూడా మధ్యలో డిపాజిట్ విత్‌డ్రా చేయలేదు” అంది. మెచ్చుకోలుగానే అంది. డిపాజిట్లలో సగానికి నన్నూ, సగానికి తమ్ముణ్ణీ నామినీగా పెట్టి ఉంది. ఆస్పత్రికి మేమిద్దరం కట్టిందంతా తీసేసినా ఇంకా మిగిలేంత ఉంది అందులో. అమ్మ ఏడాదికి సరిపడా మందు కొనుక్కోవడానికి ఆ డబ్బు మీద వచ్చే వడ్డీలో కొంత చాలు. నేను అంకెలు తెలిసినదాన్ని కాబట్టి ఆ లెక్క దానంతటదే మనసులో పడింది. పడకపోతే బాగుండేది.

తమ్ముడు తన సగంతో సరుకు రవాణాకు చిన్న ట్రాలీ ఆటో కొన్నాడు. ఊళ్ళ నుంచి గుంటూరు యార్డుకు మిరప తోలుతున్నాడు. బాగానే నడుస్తోంది. టిక్కీలు ఎక్కించే కూలీలకు మొహానికి కట్టుకోమని మాస్కులు కొని బండిలో పెడతాడు. కట్టుకునేవాళ్ళు తక్కువ.

నా సగం నేను వేరే విధంగా వాడదామనుకున్నాను. అమ్మతో పాటు కూర్చున్న నలుగురినీ గుంటూరు తీసుకెళ్ళి అదే డాక్టరుకు చూపించి, మందులు నేనే కొనిస్తానని చెప్పాను. ఇద్దరు వచ్చారు. ఒకామెకు పెద్దగా ఏమీ లేదు, ఇంకొకామెకు మందు మొదలుపెట్టారు. మూడో ఆవిడ కూతురింటికి వెళ్ళిపోయింది. పిన్ని మాత్రం రానంది. ఆమె దగ్గు అందరికన్నా ఎక్కువ.

ఇంటికి వెళ్ళి బతిమాలాను. గోతాలు కుడుతున్న సూది పక్కన పెట్టి నా మాటలన్నీ విన్నది.

“ఎంత అవుద్దమ్మాయ్, డాక్టరుకూ, మందులకూ అంతా కలిపి?”

ఏడాదికి ఇంత అని చెప్పాను.

అడగాలా వద్దా అని ఆమె సిగ్గుపడుతున్నట్టు నాకు అర్థమైంది. చివరికి అడిగేసింది: “ఆ డబ్బేదో నా చేతికియ్యరాదూ? బ్యాంకులో వేసుకుంటా. మనవరాలు ఇంటర్‌లో చేరాలి.”

నేను కాదని ఎన్నో చెప్పాను. అమ్మ సంగతి చెప్పాను. పిన్ని కళ్ళు తుడుచుకుంటూ, “మీ అమ్మ దాచబట్టే గదమ్మా నువ్వు ఇట్టా వచ్చి అడుగుతున్నావు” అంది.

డాక్టరు ఖర్చు మొత్తం ఆమె చేతిలో పెట్టి బస్సెక్కాను. ఆమె దానిలో ఒక్క రూపాయి కూడా మందుకు ఖర్చు చేయలేదని తర్వాత తమ్ముడు చెప్పాడు. మనవరాలు కాలేజీలో చేరింది. ఎకనామిక్స్ గ్రూపే. పిన్ని ఇంకా షెడ్డుకు వెళుతోంది.

మిగిలిన నా డబ్బు ఆ బ్రాంచిలోనే ఉంది. తీసి ఏదైనా చేద్దామని రెండుసార్లు వెళ్ళాను. ఫారం నింపాను, సంతకం కూడా పెట్టాను. కౌంటర్ దగ్గర నిలబడేసరికి చెయ్యి ముందుకు రాలేదు. ఇది ఖర్చయిపోతే అమ్మ ఎన్ని పొద్దున్నలు తినకుండా ఉన్నదో వాటికి మిగిలిన గుర్తు కూడా పోతుందనిపించింది. రెండుసార్లూ రెన్యూ చేసుకుని వచ్చేశాను. మెయిన్ రోడ్డు మీద ఇప్పుడు రెండో ఏసీ కడుతున్నారు.